క్లచ్ మార్చాక ఇంజిన్ వణుకు: గేర్‌బాక్స్ మళ్లీ దించాలా?

ప్రశ్న: డీజిల్ కారు, 1.5 లక్షల కి.మీ. తిరిగింది. క్లచ్ ప్లేటు, ప్రెషర్ ప్లేటు, రిలీజ్ బేరింగ్ కొత్తవి వేశారు. బండి నిలబెట్టి రేజ్ చేసినా 2000 ఆర్‌పీఎం దగ్గర సీటు, స్టీరింగ్ వణుకుతున్నాయి. ముందు ఇలా లేదు.

జవాబు 1: అప్పుడే దించకండి, మౌంట్లు (ఇంజిన్‌ను బాడీకి పట్టి ఉంచే రబ్బరు దిమ్మలు) చూడండి. ఇంజిన్ జాకీ మీద ఉండగానే బోల్టులు బిగిస్తే రబ్బరు మెలితిరిగి ఉండిపోతుంది. వదులు చేసి, ఇంజిన్‌ను నాలుగుసార్లు ఊపి, తన బరువుకు కూర్చున్నాక టార్క్ రెంచ్‌తో బిగించాలి. సైలెన్సర్ పైపు బాడీకి తగులుతోందేమో కూడా.

జవాబు 2: న్యూట్రల్‌లో అదే ఆర్‌పీఎం దగ్గర క్లచ్ తొక్కండి. వణుకు ఆగితే కారణం క్లచ్ ప్లేటు గానీ గేర్‌బాక్స్ ఇన్‌పుట్ షాఫ్ట్ గానీ. ఆగకపోతే, మౌంట్లు సరిగ్గా ఉంటే, అనుమానం ఫ్లైవీల్ (ఇంజిన్ క్రాంక్‌షాఫ్ట్ చివర ఉండే బరువైన చక్రం), దానికి క్లచ్ ప్లేటును నొక్కిపట్టే ప్రెషర్ ప్లేటు మీదే. అవి క్లచ్ తొక్కినా క్రాంక్‌తో తిరుగుతూనే ఉంటాయి. ప్రెషర్ ప్లేటు డోవెల్ పిన్నుల (దాన్ని సరైన చోట నిలిపే చిన్న పిన్నులు) మీద సరిగ్గా కూర్చోకపోయినా, బోల్టులు ఎదురెదురుగా కాస్తకాస్తగా కాక ఒక్కోటి పూర్తిగా బిగించేసినా దాని కవర్ వంకరపోతుంది. ఇలా అయితే దించక తప్పదు.

ప్రశ్న అడిగినవారు: తొక్కినా ఆగట్లేదండీ. మౌంట్లు సరిచేసినా వణుకు అలాగే ఉంది.

జవాబు 3: డ్యుయల్ మాస్ ఫ్లైవీలా (మధ్యలో స్ప్రింగులతో రెండు భాగాలుగా ఉండేది)? అయితే ఖర్చు చూసి పాతదే ఉంచేసి ఉంటారు. దించినప్పుడు చేత్తో తిప్పి, ఊపి ఆట (వదులు) ఎంతుందో చూడండి. గ్రీజు కారినా మార్చాల్సిందే. ఫ్లైవీల్ బోల్టులు మాత్రం కొత్తవే వేయించండి.