ఉచిత వీడియోలు, యాప్‌లతోనే ఇంగ్లీషు వస్తుందా? సబ్‌టైటిళ్లు ఉంచాలా, తీసెయ్యాలా?

నిలకడ:
చదివితే అర్థమవుతుంది, వింటే జారిపోతుంది. ఈ స్థాయిలో ఉన్నవాళ్లు నెట్‌లో ఉచితంగా దొరికేవాటితోనే మాట్లాడే స్థాయికి చేరగలరా? గురువు లేకుండా కుదరదని కొందరు, బీబీసీ, యూట్యూబ్ చాలని కొందరు అంటున్నారు. ఇంకో సందేహం: వీడియో చూసేటప్పుడు ఇంగ్లీషు సబ్‌టైటిళ్లు ఉంచాలా, వద్దా? రోజుకు గంట సమయం ఉందనుకొని చెప్పండి.

చెవిబడి:
చేరగలరు. సబ్‌టైటిళ్లు మాత్రం తీసెయ్యాలి. అక్షరాలు తెర మీద ఉన్నంతసేపూ కన్నే పని చేస్తుంది, చెవి ఊరుకుంటుంది.

బీబీసీ వాళ్ల 'సిక్స్ మినిట్ ఇంగ్లీష్' తీసుకోండి. ఒక్కో భాగం ఆరు నిమిషాలు, అందులో ఆరు కొత్త మాటలు, పక్కనే పూర్తి రాతప్రతి. అది మరీ వేగం అనిపిస్తే 'వాయిస్ ఆఫ్ అమెరికా' వాళ్ల పాత పాఠాలున్నాయి. 1959లో 'స్పెషల్ ఇంగ్లీష్' పేరుతో మొదలుపెట్టారు. సుమారు 1500 మాటల పరిధిలో, చిన్న వాక్యాలతో, మామూలు వేగంలో మూడింట రెండొంతులకు తగ్గించి చదివేవారు.

ఆరు నిమిషాలూ ఒకేసారి పెట్టుకోవద్దు. 30 సెకన్ల ముక్క చాలు, దాదాపు 75 మాటలుంటాయి. రాతప్రతి చూడకుండా మూడుసార్లు వినండి. నాలుగోసారి ఆపుతూ కాగితం మీద రాయండి. తర్వాత రాతప్రతితో పోల్చి, తప్పిన చోటల్లా గుర్తు పెట్టండి: అసలు తెలియని మాటైతే 'తె', తెలిసినా వినపడకపోతే 'వి', 'ఆఫ్', 'టు', 'ది' లాంటి చిన్నమాట ఎగిరిపోతే 'చి'. చదవగలిగినవాళ్ల కాగితంలో 'వి', 'చి' ఎక్కువుంటాయి. అంటే వాళ్లకు కావలసింది కొత్త మాటలు కాదు, వినికిడి.

గోరంతదీపం:
ఒకసారి సబ్‌టైటిళ్లతో, ఒకసారి లేకుండా చూస్తే సరిపోదూ?

అక్షరాలబండి:
చెవిబడి గారూ, మీ పద్ధతి బాగుంది గానీ, చివర్లో రాతప్రతితో పోల్చమని మీరే అన్నారు. అది సబ్‌టైటిల్ పనే కదా? వద్దనాల్సింది సబ్‌టైటిళ్లను కాదు, యంత్రం తనంతట తాను రాసేవాటిని. యూట్యూబ్‌లో భాష పేరు పక్కన 'ఆటో జెనరేటెడ్' అని ఉంటే జాగ్రత్త పడండి. 'కెన్', 'కాంట్' దగ్గర అవి పొరబడతాయి, అర్థమే తలకిందులవుతుంది. ఫుల్‌స్టాపులు సరిగా పడవు, ఊరి పేర్లు, మనుషుల పేర్లు ఇంకేదో మాటగా మారిపోతాయి. మనిషి రాసినవి ఉన్న వీడియోలే ఎంచుకోండి.

నిలకడ గారికి ఇంకో మాట. తెలుగు లిపిలో ఉచ్చారణ రాసి పెట్టే వీడియోల జోలికి వెళ్లొద్దు. పడమర అనే మాటా, బనీను అనే మాటా మన లిపిలో రెండూ 'వెస్ట్' అనే వస్తాయి. మొదటిదానికి పెదాలు గుండ్రంగా ముందుకు రావాలి, రెండోదానికి పైపళ్లు కింది పెదవిని తాకాలి. ఆ తేడా మన అక్షరాల్లో పట్టదు.

చెవిబడి:
రాతప్రతి విన్న తర్వాత చూసేది, సబ్‌టైటిల్ వింటూ ఉండగా చూసేది. రెండూ ఒకటి కావు. గత చర్చలోనూ నా జవాబు సగం చదివే విమర్శించారు.

వేగం తగ్గించి 0.75లో వినమని సలహా ఇచ్చేవాళ్లకు కూడా చెప్తున్నా. 'వాట్ డూ యూ వాంట్ టు' అన్నది మాటల్లో 'వాడ్య వాన' అయిపోతుంది. వేగం తగ్గిస్తే అదే 'వాడ్య వాన' సాగి వినపడుతుందే తప్ప పోయిన హల్లులు తిరిగి రావు. దానికి బదులు ఎడమ బాణం మీట నొక్కండి, 5 సెకన్లు వెనక్కి పోతుంది. అదే ముక్క పదిసార్లు వినండి.

పదపుట్ట:
మాటలు దాచుకోవడానికి ఆంకీ (మాటల కార్డులను మళ్లీ మళ్లీ చూపించి గుర్తుంచుకునేలా చేసే యాప్) వాడేవాళ్లకు చిన్న హెచ్చరిక. రోజుకు 20 కొత్త కార్డులని మొదటే పెట్టి ఉంటుంది. అలాగే వదిలేస్తే కొన్ని వారాల్లో రోజుకు దాదాపు 200 కార్డులు తిరగేయాల్సి వస్తుంది. జనం మానేసేది అక్కడే. 7కి దించండి. ఒంటి మాట కాకుండా పూర్తి వాక్యం పెట్టి, అందులో ఒక మాట ఖాళీ ఉంచండి. కంప్యూటర్లో, ఆండ్రాయిడ్‌లో ఉచితం, ఐఫోన్‌లో కాదు.

గోరంతదీపం:
మొత్తం ఎన్ని మాటలు రావాలి?

పదపుట్ట:
ఇంగ్లీషు పదసంపద మీద పరిశోధన చేసిన పాల్ నేషన్ 2006లో కట్టిన లెక్క: వంద మాటల్లో 98 తెలిసుండాలంటే పుస్తకాలకు 8000–9000 పదకుటుంబాలు, మాట్లాడే భాషకు 6000–7000. ఇందులో 'కుటుంబం' అంటే 'యూజ్', 'యూజర్', 'యూజ్‌ఫుల్' అన్నీ కలిపి ఒకటే.

అక్షరాలబండి:
చెవిబడి గారూ, మళ్లీ సబ్‌టైటిళ్లే, మళ్లీ వేగమే! అడిగినాయన 'మాట్లాడే స్థాయికి' అన్నారు. వినడం గురించి ఇంత రాశారు, తప్పు మాట్లాడితే ఎవరు దిద్దుతారో ఒక్క ముక్క లేదు. ఏళ్ల తరబడి వీడియోలు చూసి కూడా 'ఐ యామ్ వర్కింగ్ హియర్ సిన్స్ త్రీ ఇయర్స్' అంటారే, అది ఏ సబ్‌టైటిల్ లోపం? 'మూడేళ్లుగా పని చేస్తున్నాను' అన్న మన వాక్యం అలాగే దిగిపోతోంది. 'హావ్ బీన్ వర్కింగ్', 'ఫర్ త్రీ ఇయర్స్' వెయ్యిసార్లు చెవిన పడినా, అర్థం తెలిసిపోతోంది కాబట్టి మెదడు ఆ రూపాన్ని పట్టించుకోదు. ఉచిత పాఠాలతో అసలు చిక్కు ఇదే. సరుకు కావలసినంత ఉంది, దిద్దే చెయ్యి లేదు!

చెవిబడి:
ఇప్పుడు బయటపడింది మీ అసలు మాట. మీకు ముందు తప్పులు పోవాలి. నేనొప్పుకోను. నోరు విప్పిన ప్రతిసారీ దిద్దితే మనిషి వాక్యం మధ్యలోనే ఆగి, వ్యాకరణం వెతుక్కుంటూ కూర్చుంటాడు. మొదటి ఆరు నెలలు తప్పులతోనే ధారాళంగా రానివ్వండి, వినికిడి పెరిగేకొద్దీ చాలా తప్పులు వాటంతటవే పోతాయి. గురువు దొరకనివాడికి 'దిద్దే చెయ్యి లేదు' అని చెప్తే వాడు మొదలే పెట్టడు. నా కోపం దాని మీదే.

అక్షరాలబండి:
మొదలు పెట్టొద్దని నేనెక్కడన్నాను? కొన్ని తప్పులు వాటంతటవే పోతాయి, నిజం. 'వెంట్' బదులు 'గోడ్' అనేది పోతుంది. మన భాషలో లేనివి మాత్రం పోవు. మనకు 'ఏ', 'ది' లేవు. 'వాడెక్కడున్నాడో చెప్పు' లాంటి వాక్యంలో మాటల క్రమం మార్చే పని లేదు, అందుకే 'టెల్ మీ వేర్ ఈజ్ హి' అనేస్తాం, 'వేర్ హి ఈజ్' అనాల్సిన చోట. 'డిస్కస్' తర్వాత 'అబౌట్' తగిలిస్తాం. వీటితో అవతలివాడికి అర్థం చెడదు, కాబట్టి ఎవరూ ఆపి చెప్పరు. ఆరు నెలలు అలాగే మాట్లాడితే నోరు వాటికే అలవాటు పడిపోతుంది.

దిద్దుకునే పని కూడా ఉచితంగానే జరుగుతుంది. నా వాదన అంతా దానికోసమే. కేంబ్రిడ్జ్ వాళ్ల 'రైట్ అండ్ ఇంప్రూవ్' అనే సైట్‌లో వ్యాసం పెట్టండి. స్థాయి చెప్పి, అనుమానం ఉన్న వాక్యాలకు రంగు వేస్తుంది, మొత్తం తిరగరాసి ఇవ్వదు. అదే దాని గొప్ప. చాట్‌బాట్‌ను 'దిద్దు' అంటే అందమైన వ్యాసం చేతికొస్తుంది, మీ తప్పు మాత్రం మీకు కనపడదు. అందుకని ఇలా అడగండి: 'తప్పున్న వాక్యాల సంఖ్య మాత్రమే చెప్పు, దిద్దకు. ఎక్కువసార్లు వచ్చిన రెండు రకాల తప్పులేవో చెప్పు.' మీరు దిద్దుకున్నాక మళ్లీ పంపండి. అది ఒప్పును కూడా ఒక్కోసారి తప్పంటుంది. ఆక్స్‌ఫర్డ్ లేదా లాంగ్‌మన్ లెర్నర్స్ నిఘంటువులో ఆ మాట కింద ఉన్న ఉదాహరణలు చూసి తేల్చుకోండి. లాంగ్‌మన్‌లో అర్థాలు దాదాపు 2000 తేలిక మాటల్లోనే రాసి ఉంటాయి.

చెవిబడి:
ఇది రాతకు. మాటకో?

అక్షరాలబండి:
ఫోన్‌లో రెండు నిమిషాలు మాట్లాడి రికార్డు చేయండి. మర్నాడు విని, పలికింది పలికినట్టు కాగితం మీద పెట్టండి, ఆ కాగితాన్ని పైన చెప్పినట్టే పంపండి. వాయిస్ టైపింగ్‌తో రాయించొద్దు, మీ తప్పును తనే సర్దేస్తుంది.

చెవిబడి:
రెండు నిమిషాలు ఎక్కడా ఆగకుండా మాట్లాడనిచ్చి, మర్నాడు దిద్దడమంటే నాకు అభ్యంతరం లేదు. మాట్లాడుతుండగా దిద్దడానికి మాత్రం ఇప్పటికీ ఒప్పుకోను. సబ్‌టైటిళ్లకూ ఒప్పుకోను.

నిలకడ:
వాయిస్ టైపింగ్ ఉచ్చారణ చూసుకోవడానికైనా పనికొస్తుందా?

పదపుట్ట:
వాక్యం చెప్తే పనికిరాదు. చుట్టూ ఉన్న మాటల్ని బట్టి ఊహించి సరైనదే రాస్తుంది, మీరు బాగా పలికారనుకుంటారు. ఒంటి మాటే చెప్పండి. పైన వచ్చిన రెండు 'వెస్ట్'లను విడివిడిగా పదేసి సార్లు పలికి, ఎన్నిసార్లు సరైనది పడిందో లెక్క పెట్టండి. మాట చివర అచ్చు చేర్చే అలవాటును ('బస్'ను 'బస్సు' అనడం) అది పట్టదు, రికార్డు చేసి వినాల్సిందే. 'ఆస్క్‌డ్' అని రాసి ఉన్నది చివర 'ట్' అని పలుకుతుంది, 'వాంటెడ్' 'వాంటిడ్' అవుతుంది. ఇలాంటివి యూగ్లిష్‌లో మాట కొట్టి వినండి. ఆ మాట వచ్చిన యూట్యూబ్ ముక్కలు వరసగా వినిపిస్తుంది. నలుగురైదుగురి నోట విన్నాకే మీరు పలకండి.

చెవిబడి:
అక్కడ కూడా కింద సబ్‌టైటిల్ పడుతుంది. చేత్తో మూసుకుని వినండి.