"భరణి కురిస్తే ధరణి పండును": మరి నా బెండ గింజలెందుకు కుళ్ళాయి?

గ్రూపులో పెద్దలకి ఒక డౌటండీ. మాది గుంటూరు వైపు, ఇప్పుడుండేది న్యూజెర్సీ. భరణి కురిస్తే ధరణి పండును అని మా నాయనమ్మ ఊరికే అంటుండేది, అది నమ్ముకుని నిరుడు ఏప్రిల్ ఆఖర్న భరణి కార్తె రాగానే పెరట్లో బెండ గింజలు పెట్టేశా, నేలేమో ఐసుగడ్డలా ఉంది, పది రోజులాగి వేలితో కెలికి చూస్తే గింజలన్నీ మెత్తగా కుళ్ళి ఒకటే వాసన. పక్కింటి ముసలాయన నవ్వి, ఓక్ చెట్టు ఆకు ఉడత చెవంత అయితే మొక్కజొన్న పెట్టమని మా సామెత, నీ బెండకి ఇంకా వేడి కావాలి, ఆగు అన్నాడు. ఉడత చెవి కొలత నాకు తెగ నచ్చేసింది. ఇలా చెట్టునో పుట్టనో చూసి విత్తమనే మాట మనకుందా?

జవాబు:
సామెత తప్పేం లేదండీ, మీరు చదవడంలోనే ఉంది తేడా. "కురిస్తే" అంది గానీ "వస్తే" అనలేదుగా. భరణిలో ఒక వాన పడితే నేల మెత్తబడి వేసవి దుక్కి దున్నుకోవచ్చని, అంతే, గింజలు పెట్టేయమని కాదు. పైగా అది మన ఊళ్ళ ఎండకి పుట్టిన మాట. ఇంకోటి, కార్తె అంటే సూర్యుడు ఒక నక్షత్రంలో ఉండే 13, 14 రోజులు, అలాంటివి 27. నక్షత్రాల లెక్క కదా, సుమారు 71 ఏళ్ళకి ఒక రోజు చొప్పున రుతువు కంటే ఆలస్యమవుతూ పోతుంది, వెయ్యేళ్ళకి ఒక కార్తె తేడా! చెట్టుకి ఆ గొడవ లేదు.

జవాబు:
అన్నా, మాది కరీంనగర్ దిక్కు. మేం మృగశిరను మిర్గం అంటం, ఆ నాడు చేపలు తినుడు పక్కా. గని క్యాలెండర్ల మిర్గం వచ్చిందని ఎవ్వరు విత్తనం ఎయ్యరు, మా బాపు పిడికెడు మట్టి వట్టి ముద్ద జేసి చూస్తడు, ముద్ద నిలవాలె. ఇగ ఆరుద్ర పురుగు కనవడ్డదంటే వాన భూమిలకు దిగినట్టే. ఎర్రగ మఖ్మల్ లెక్క ఉంటది, ముట్టుకుంటే కాళ్ళు ముడుసుకుంటది, చిన్నప్పుడు అగ్గిపెట్టెల వెట్టుకొని బడికి కొంచవోయెటోళ్ళం. నువ్వడిగిన మాట గదే గదనే, పురుగుకే కార్తె పేరు!

జవాబు:
చెవి కొలత మనకీ ఉందండోయ్, ఎలుకచెవి అని ఒక మొక్కే ఉంది, ఆకు చూస్తే అచ్చం అదే. చిన్నదాన్ని చింతాకంత అంటాం. కాకపోతే వీటితో విత్తే అదను చెప్పిన సామెత నా చెవిన పడలేదు.

జవాబు (నేనే):
"కురిస్తే" దగ్గర బోల్తా కొట్టానన్నమాట, థాంక్సండీ. ఆరుద్ర పురుగు అనగానే మా ఊరి చెరువుగట్టు కళ్ళముందుకొచ్చింది, ఇక్కడ అది ఒక్కసారీ కనపడలేదు. ఈసారి ఓక్ కొమ్మ ఫొటో పెడతా, పక్కన ఉడత కూడా కూర్చుంటే కొలత మీరే చూడండి.