ఒకే మోడెమ్, ఒకే లైన్: ఫోన్ ఎత్తాల్సింది మోడెమా, గెట్టీనా?

పొలంగట్టు:
ఊళ్లో మా ఇంట్లో ఫ్రీబీఎస్‌డీ (యూనిక్స్ తరహా ఆపరేటింగ్ సిస్టమ్) నడిచే మెషీన్ ఉంది. దానికి సీరియల్ మోడెమ్, పాత రాగి తీగ ల్యాండ్‌లైన్ తగిలించాను. కేబుల్ నెట్ పోయినప్పుడు హైదరాబాద్ నుంచి డయల్ చేసి లాగిన్ అవుతాను. అదే మోడెమ్‌తో ఆ మెషీన్ రాత్రి రెండింటికి బయటికి కాల్ చేసి యూయూసీపీ (ఫోన్ లైన్ మీద ఫైళ్లు, మెయిల్ చేరవేసే పాత పద్ధతి) మెయిల్ పంపాలి. చిక్కేమిటంటే అమ్మ ఫోన్ కూడా ఆ లైన్ మీదే. ఎన్నో రింగ్‌కి తానే ఎత్తాలో మోడెమ్‌కి చెప్పే సెట్టింగ్ ఎస్0=1 పెట్టాను కాబట్టి మొదటి రింగ్‌కే మోడెమ్ ఎత్తేస్తోంది. అత్తయ్య చేస్తే చెవిలో కీచుమంటోందట. ఇప్పుడు లాగిన్ అడిగేది గెట్టీ అనే సాదా ప్రోగ్రామ్. దాని బదులు, మోడెమ్‌తో మాట్లాడగల ఎమ్‌గెట్టీకి మారమని ఒకరు, అస్సలు వద్దని ఇంకొకరు. ఏది సరైనది?

రెండు_తలుపులు:
మారకండి. ఒకే పోర్టుకి ఫ్రీబీఎస్‌డీ రెండు పేర్లు ఇచ్చింది ఇందుకే. లోపలికి వచ్చే కాల్‌కి టీటీవైయూ0, బయటికి వెళ్లే కాల్‌కి సీయూఏయూ0. టీటీవైయూ0 తెరిచిన గెట్టీ డీసీడీ సిగ్నల్ (అవతలి మోడెమ్ సంకేతం, అంటే క్యారియర్, అందుతోందని చెప్పేది) వచ్చేదాకా కెర్నెల్‌లోనే (సిస్టమ్ మూల భాగంలో) ఆగి ఉంటుంది. ఈలోపు సీయూఏయూ0 ద్వారా వేరే ప్రోగ్రామ్ డయల్ చేసుకోవచ్చు, గెట్టీకి ఆ సంగతే తెలియదు. మోడెమ్‌లో &సీ1, &డీ2 ఉంటే చాలు. క్యారియర్ ఉన్నప్పుడే డీసీడీ లేస్తుంది, డీటీఆర్ (మెషీన్ సిద్ధంగా ఉందని మోడెమ్‌కి చెప్పే సిగ్నల్) పడితే లైన్ కట్ అవుతుంది. అమ్మగారి ఇబ్బందికి ఎస్0=8 పెట్టండి, ఎనిమిది రింగులలోపు ఆవిడ ఎత్తేస్తారు.

రాత్రి_షిఫ్ట్:
పైన చెప్పింది నిజమే, కానీ సగమే. సాదా గెట్టీకి మోడెమ్ భాష రాదు. "కనెక్ట్ 33600" అని మోడెమ్ అంటే దాన్ని యూజర్ పేరనుకుని పాస్‌వర్డ్ అడుగుతుంది. అలా జరక్కూడదని ఈ0, క్యూ1 పెట్టి మోడెమ్ నోరు మూయిస్తాం. అప్పుడు రాత్రి కాల్ సంగతేంటి? డయల్ చేసే స్క్రిప్ట్ ఎదురుచూసేది ఆ "కనెక్ట్" మాట కోసమే. అది ఇక రాదు.

ఎమ్‌గెట్టీలో ఎస్0=0. మోడెమ్ తనంతట తాను ఎత్తదు. "రింగ్" అన్న మాట చూసి, ఎన్నో రింగో లెక్కపెట్టి, ఎమ్‌గెట్టీయే ఏటీఏ (ఫోన్ ఎత్తమనే ఆదేశం) పంపుతుంది. మోడెమ్ కాలర్ ఐడీ చదవగలిగితే ఏ నంబర్లకు ఎత్తాలో కూడా చెప్పొచ్చు. నో లాగిన్ ఫైల్ ఒకటి పెడితే అసలు ఎత్తదు. పండక్కి ఇల్లంతా చుట్టాలున్నప్పుడు అది ఎంత హాయో!

ఇంకోటి. కెర్నెల్ బిగుసుకుపోయినా డీటీఆర్ లేచే ఉండొచ్చు. ఎస్0 పెట్టిన మోడెమ్ అప్పుడు కూడా ఫోన్ ఎత్తుతుంది, లాగిన్ మాత్రం రాదు. ఎత్తితే బిల్లు పడ్డట్టే. నేను ఒక ఆఫీసులో ఉండగా ఇలా వారం రోజులు ఎస్టీడీ ఛార్జీలు కట్టాం.

రెండు_తలుపులు:
క్యూ1 సమస్యకి మందుంది అన్నా. మోడెమ్‌లో రెండు ప్రొఫైల్స్ (సెట్టింగుల కట్టలు) దాచుకోవచ్చు. 0లో క్యూ1తో జవాబిచ్చే సెట్టింగ్, 1లో క్యూ0తో డయల్ చేసే సెట్టింగ్. స్క్రిప్ట్ ముందు ఏటీజెడ్1 (ప్రొఫైల్ 1కి మారమనే ఆదేశం) పంపి డయల్ చేస్తుంది. &డీ2 బదులు &డీ3 పెడితే కాల్ అయ్యాక డీటీఆర్ పడగానే మోడెమ్ రీసెట్ అయి 0కి వస్తుంది. లాక్ ఫైళ్ల (పోర్టు వాడుకలో ఉందని మిగతా ప్రోగ్రాములకు చెప్పే గుర్తు ఫైళ్లు) మీద నమ్మకం పెట్టుకునే ఎమ్‌గెట్టీ పద్ధతి కంటే ఇది గట్టిది. లాక్ చూడని ప్రోగ్రామ్ ఒక్కటున్నా ఎమ్‌గెట్టీ పద్ధతి కూలిపోతుంది.

రాత్రి_షిఫ్ట్:
&డీ3 అన్ని మోడెమ్‌లలో ఒకేలా పనిచేయదు, నా అనుభవంలో అక్కడే దెబ్బతిన్నాను. రెండు పేర్ల పద్ధతికీ లాక్ గొడవ తప్పదు. లైనక్స్‌లో బయటికి కాల్ చేసే సీయూఏ పేర్లు వదిలేయమని 2.2 కెర్నెల్ రోజుల్లోనే చెప్పారు. ఒకరు సీయూఏ0 పేరుతో, ఇంకొకరు టీటీవైఎస్0 పేరుతో లాక్ రాస్తే ఒకరికొకరు కనపడరు, తీగ మాత్రం ఒకటే.

పొలంగట్టు గారూ, మారితే, ఏ పోర్టుకి గెట్టీ నడవాలో చెప్పే టీటీవైస్ ఫైల్‌లో ఆ పోర్టు గెట్టీని ఆపండి. ఎమ్‌గెట్టీ, యూయూసీపీ రెండూ సీయూఏయూ0 అనే పేరే వాడాలి.

పొలంగట్టు:
మారాను. రింగులు ఎనిమిది. మొదటి రాత్రి మెయిల్ వెళ్లలేదు. నా స్క్రిప్ట్ నడిపే యూజర్ డయలర్ గ్రూపులో (మోడెమ్ వాడే అనుమతి ఉన్నవాళ్ల జాబితా) లేడు, లాక్ డైరెక్టరీలో రాయలేకపోయాడు. గ్రూపులో చేర్చాక నిన్న రాత్రి వెళ్లింది. అత్తయ్య కాల్ అమ్మే ఎత్తింది.

రెండు_తలుపులు:
సంతోషం. ఒక్కటి చూసుకోండి. మెషీన్‌కి యూపీఎస్ ఉండి మోడెమ్‌కి లేకపోతే, కరెంట్ పోయి వచ్చాక మోడెమ్ పాత ప్రొఫైల్‌తో లేస్తుంది. అందులో ఎస్0=1 ఇంకా ఉంటే మళ్లీ మొదటి రింగ్‌కే ఎత్తుతుంది. ఎస్0=0 పెట్టి &డబ్ల్యూతో మోడెమ్ ప్రొఫైల్‌లో రాసేయండి.

పొలంగట్టు:
నిజమే, 1 అనే ఉంది. ఇప్పుడే రాశాను. మోడెమ్ కరెంట్ ప్లగ్ తీసి మళ్లీ పెట్టి మా తమ్ముడి చేత కాల్ చేయించాను. ఏడు రింగుల వరకు మోడెమ్ కదల్లేదు, ఎనిమిదో రింగ్‌కి లాగిన్ వచ్చింది.