బెంగళూరు తెలుగు బధిరుల కమిటీ చదువుకున్నవాళ్ల చేతుల్లోనే ఉండిపోతోంది, ఎక్కడ మార్చాలి?

చేతిమాట (ప్రశ్న):
సెప్టెంబరు 23 అంతర్జాతీయ సంజ్ఞా భాషల దినం. ఆ సందర్భంగా ఫ్రీడం పార్కులో సభ పెట్టి, రాష్ట్ర వికలాంగుల కమిషనర్‌కు వినతిపత్రం ఇద్దామని ఇక్కడి తెలుగు బధిరులం అనుకుంటున్నాం. కమిటీలో ఏడుగురం, అందరం డిగ్రీవాళ్లమే. ఆడవాళ్లలో ఒక్కరే ఉన్నారు. నలుగురికి మాట కూడా వచ్చు. అనంతపురం, చిత్తూరు, కర్నూలు వైపు నుంచి వచ్చి గార్మెంట్స్‌లో, గోడౌన్లలో పనిచేసేవాళ్లు వాట్సాప్ గ్రూపులో చాలామందే ఉన్నా మీటింగుకు రారు. వచ్చినా వెనక కూర్చుని తలూపి వెళ్లిపోతారు. "అందరూ రండి" అని ప్రతిసారీ పెడుతూనే ఉన్నాం. వినేవాళ్లు మన తరఫున మాట్లాడేస్తున్నారని మనం కొట్లాడతాం కదా, మనమూ వీళ్ల విషయంలో అదే చేస్తున్నట్టుంది. పద్ధతిలో ఏం మార్చాలో తెలిసినవాళ్లు చెప్పండి.

సంజ్ఞాసేతు:
పిలుపు దగ్గర మొదలుపెట్టండి. పోస్టరును ఇంగ్లీషు నుంచి తెలుగులోకి మార్చినంత మాత్రాన సరిపోదు. బధిర పిల్లల్లో నూటికి తొంభైమందికి పైగా వినికిడి ఉన్న ఇళ్లలోనే పుడతారు. ఇంట్లో సైగలు ఉండవు. బడిలో పెదవులు చూసి పట్టుకోమంటారు. ఏ భాషా పూర్తిగా అందకుండానే చదువు ముగుస్తుంది. అలా పెరిగినవాళ్లకు తెలుగు పేరా కూడా భారమే. బధిర తల్లిదండ్రుల దగ్గర పసితనం నుంచే సైగలు నేర్చినవాళ్లకు, ఇంగ్లీషు చదవగలిగేవాళ్లకు, మాట వచ్చినవాళ్లకు మన మధ్య అడగకుండానే పెద్దరికం దక్కుతుంది. వినేవాళ్లే మేలు అనే పెత్తనాన్ని టామ్ హంఫ్రీస్ 1970ల్లో ఆడిజం అన్నాడు. అది వినేవాళ్లలోనే ఉంటుందనుకోవద్దు, మన కమిటీల్లోకీ వస్తుంది.

పిలుపును సైగల వీడియోగా చేయండి, నిమిషంన్నర చాలు. ఒంటి రంగుకు తేడాగా కనిపించే ఒకే రంగు చొక్కా వేసుకోవాలి, గీతలు, పూలు వద్దు. వెలుతురు ముందు నుంచి పడాలి. వెనక కిటికీ ఉంటే ముఖం నల్లగా వస్తుంది, కనుబొమ్మలు కనపడకపోతే అడుగుతున్నారో చెబుతున్నారో తెలియదు. ఫోను స్టాండు మీద పెట్టి, తలపైన కొంచెం ఖాళీ వదిలి నడుం దాకా తీయండి, మోచేతులు రెండూ ఫ్రేములో ఉండాలి. తేదీ, టైము పెద్ద అంకెల్లో కూడా వేయండి. నెలల సైగలు, వారాల సైగలు ఒక్కో ఊళ్లో ఒక్కోలా ఉంటాయి, అక్కడే మనుషులు తేదీ తప్పుతారు. ఎవరి ఊరి సైగనైనా "తప్పు" అని దిద్దడం మానేయండి. ఢిల్లీలోని భారతీయ సంజ్ఞా భాషా పరిశోధన, శిక్షణ కేంద్రం 2021లో 10,000 పదాలతో తెచ్చిన నిఘంటువు ఉంది, సందేహం వస్తే అందరూ కలిసి చూసుకోవచ్చు. అంతకుమించి దానితో ఎవరి నోరూ మూయించొద్దు.

మీటింగులో అసలు చిక్కు మాట వచ్చిన ఆ నలుగురితోనే. నోటితో తెలుగు మాట్లాడుతూ చేతులు ఆడిస్తే, చేతులు మాట వెనక పరిగెడతాయి. సగం సైగలు జారిపోతాయి, ముఖంలో ఉండాల్సిన వ్యాకరణం పోతుంది. మాట్లాడేవాడికి అంతా చెప్పేసినట్టే ఉంటుంది, చూసేవాడికి ముక్కలే అందుతాయి. కాబట్టి గదిలో నోటిమాట పూర్తిగా ఆపేయండి, టీ తాగేటప్పుడు కూడా. నిర్ణయాలు సగం ఆ టీ దగ్గరే అవుతాయి.

కుర్చీలు అర్ధచంద్రాకారంలో వేయండి, పదిహేనుమంది దాటితే రెండు గుంపులు చేయండి. ఒకరు చెయ్యి దించాక, అందరి చూపూ తర్వాతి మనిషి మీదికి తిరిగేదాకా ఆగాలి. "అర్థమైందా?" అని అడగొద్దు, బడిలో అలవాటైన తలూపుడే వస్తుంది. "ఆదివారం ఎక్కడ కలుస్తున్నాం? ఏం తేవాలి?" అని అడగండి. జవాబు రాకపోతే, ఇంటి సైగలే తెలిసినవాళ్లకు విప్పి చెప్పే నేర్పున్న బధిరుణ్ని పక్కన కూర్చోబెట్టి, బొమ్మలూ ఫోన్లో ఫోటోలూ చూపిస్తూ మళ్లీ చెప్పించండి. దీనికి టైము రెట్టింపు పడుతుంది. అందుకే ఎజెండా సగానికి తగ్గించాలి.

ఆదివారం_సెలవు:
తేదీ గురించి నాలుగు మాటలు. 23వ తేదీ వారం మధ్యలో పడితే గార్మెంట్స్‌వాళ్లు రాలేరు, ఒక రోజు కూలి పోతుంది. అంతర్జాతీయ బధిరుల వారం సెప్టెంబరు చివరి ఆదివారంతో ముగుస్తుంది, సభ ఆ ఆదివారం పెట్టండి. ఆఫీసుకు సెలవు కాబట్టి వినతిపత్రం సోమవారం ముగ్గురు వెళ్లి ఇవ్వాలి. ఆ ముగ్గురిలో కనీసం ఒకరు కార్మికులై ఉండాలి, ఆయన కూలి కమిటీ ఇవ్వాలి. తయారీ మీటింగులు నెల ఒకటో తేదీ దగ్గర పెట్టొద్దు. ఆంధ్రాలో వికలాంగుల పింఛను 2024 నుంచి 6,000 రూపాయలు, ఒకటో తేదీన ఇంటి దగ్గరే ఇస్తారు, దానికోసం చాలామంది ఊరెళ్తారు.

వినతిపత్రంలో ఏముంటుందన్నది ఇంకా ముఖ్యం. డిగ్రీవాళ్లు రాస్తే క్యాప్షన్లు, ఐటీ ఉద్యోగాలు అనే వస్తాయి. ఫ్లోరు మీద ఉన్నవాళ్లకు కావలసినవి వేరే: సేఫ్టీ ట్రైనింగు సైగల్లో ఇవ్వడం, అలారంతో పాటు వెలిగే లైటు, ఓవర్‌టైము లెక్క చూపించడం. 2016 వికలాంగుల హక్కుల చట్టం సెక్షన్ 21 ప్రకారం ప్రతి సంస్థా సమాన అవకాశాల విధానం రాసి, దాని ప్రతిని కమిషనర్ దగ్గర నమోదు చేయించాలి. 20 మంది లేదా అంతకు మించి పనిచేసే చోట, వికలాంగుల నియామకాలు, వసతులు చూసే లయజన్ ఆఫీసరు పేరు కూడా అందులో ఉండాలి. "మా ఫ్యాక్టరీలు ఆ ప్రతి ఇచ్చాయా? ఇస్తే చూపించండి" అని అడగండి. దీనికి కమిషనర్ ఆఫీసు రికార్డు చూసే జవాబివ్వాలి. "సహకరించగలరు" అని రాస్తే ఫైల్లో పడుకుంటుంది.

కుట్టుమిషన్:
ఆడవాళ్ల సంగతికి ఎవరూ జవాబివ్వలేదు, అన్నలూ. చాలామందికి సొంత ఫోను ఉండదు, వాట్సాప్ మొగుడి దగ్గరో అమ్మ దగ్గరో ఉంటుంది. మీ పిలుపు వాళ్లదాకా చేరదు. ఇంకో ఆడమనిషి హాస్టలుకో ఇంటికో వెళ్లి పిలవాలి. సాయంత్రం మీటింగు వద్దు, పొద్దున పదిన్నరకు మొదలై ఒంటిగంటకు ముగియాలి. పిల్లల్ని చూసుకోవడానికి మనిషిని పెట్టండి. మొదటి రెండు మూడు మీటింగులు ఆడవాళ్లకే విడిగా జరగాలి, ఇంటర్‌ప్రెటర్ కూడా ఆడమనిషే కావాలి.

ఒక డిమాండు తప్పక పెట్టండి. బీఎన్‌ఎస్‌ఎస్ (సీఆర్‌పీసీ స్థానంలో వచ్చిన కొత్త చట్టం) సెక్షన్ 173 ప్రకారం, వైకల్యం ఉన్న మహిళ లైంగిక దాడి గురించి ఫిర్యాదు చేస్తే పోలీసులే ఆమె ఇంటికో ఆమె కోరిన చోటికో వచ్చి, ఇంటర్‌ప్రెటర్ లేదా స్పెషల్ ఎడ్యుకేటర్ ముందు రాసుకోవాలి, వీడియో తీయాలి. స్టేషన్లలో ఇంటర్‌ప్రెటర్ల జాబితా ఉంటేనే అది జరుగుతుంది. లేకపోతే "ఇంట్లోవాళ్లు చెప్తార్లే" అంటారు. నేరం చేసింది ఇంట్లోవాడే అయితే? మన లోకం చిన్నది, ఇంటర్‌ప్రెటర్ అందరికీ తెలిసినవాళ్లే. అందుకే జాబితాలో వేరే ఊరివాళ్లు, వీడియో కాల్లో పనిచేసేవాళ్లు కూడా ఉండాలని రాయండి.

ఒకేగొంతు:
చెప్పినవన్నీ బాగున్నాయి. కానీ ఆడా మగా, కులం, చదువు అంటూ విడదీసుకుంటూ పోతే కమిషనర్ ముందు మన బలం తగ్గదా? ముందు బధిరులుగా ఒక్కటిగా నిలబడదాం, మిగతావి తర్వాత చూసుకోవచ్చు.

సంజ్ఞాసేతు:
ఆ "తర్వాత" ఎప్పుడూ రాదండీ. ప్రభుత్వ ఉద్యోగాల్లో మనకున్నది 1 శాతం. 60 నుంచి 70 డెసిబెల్స్ లోపంతో కొంత వినగలిగేవాళ్లూ, 70 దాటినవాళ్లూ అందులోనే. ఇంటర్వ్యూలో ఫోను మాట్లాడగలిగే మనిషివైపే మొగ్గుతారు. బధిరులుగా ఒక్కటిగా గెలిచినా అందేది కొందరికేనన్నమాట. కులం గురించి ఎవర్నీ అడగక్కర్లేదు. మీటింగులు ఎవరింట్లో జరుగుతున్నాయో, చివర్లో కుర్చీలు ఎవరు సర్దుతున్నారో గమనించండి. కొన్ని ఇళ్లలో అడుగుపెట్టడానికి కొందరికి చనువు ఉండదు. మెట్రోకు నడిచివెళ్లే దూరంలో ఉన్న హాలులోకి మార్చండి.

చేతిమాట:
చాలా ఉపయోగపడింది. ఇంకో రెండు: టీవీవాళ్లు వస్తే మాట వచ్చినవాళ్లనే అడుగుతారు, ఎలా ఆపాలి? చూపు కూడా తగ్గిన ఒకరిద్దరు వస్తామంటున్నారు, వాళ్లకు ఏం ఏర్పాటు చేయాలి?

సంజ్ఞాసేతు:
కెమెరా ముందు కమిటీవాళ్లెవరూ నోటితో మాట్లాడకూడదని ముందే తీర్మానం చేయండి. సైగలతోనే చెప్పాలి, గొంతు ఇంటర్‌ప్రెటర్‌ది. మాట్లాడే ఇద్దరి పేర్లూ ముందే రాసివ్వండి, ఒకరు కార్మికుడు, ఒకరు మహిళ. సభ గంట దాటితే ఇంటర్‌ప్రెటర్లు ఇద్దరు ఉండాలి, ఇరవై నిమిషాలకోసారి మారాలి. అలసిపోతే సైగలు తప్పుతాయి. బడ్జెట్‌లో మొదటి పద్దు వాళ్ల ఫీజే.

చూపు తగ్గినవాళ్లలో అషర్ సిండ్రోమ్ (వినికిడీ చూపూ రెండూ దెబ్బతినే జబ్బు) ఉన్నవాళ్లకు చుట్టుపక్కల చూపు పోయి మధ్యలో మాత్రమే మిగులుతుంది, చీకట్లో కనపడదు. అలాంటివాళ్ల ముందు ఒకటిన్నర, రెండు మీటర్ల దూరంలో నిలబడి, ఛాతీ ముందు చిన్న పరిధిలో సైగ చేసే మనిషి ఉండాలి. దగ్గరికొస్తే చేతులు వాళ్ల చూపులోంచి బయటకు పోతాయి. చూపు పూర్తిగా లేనివాళ్లకు చేతిలో చెయ్యి పెట్టి సైగ చేసేవాళ్లు మనిషికి ఇద్దరు చొప్పున కావాలి, వంతులవారీగా. వాళ్లను స్టేషను నుంచి తీసుకొచ్చే పని కూడా ఎవరికో ఒకరికి పేరు పెట్టి అప్పగించండి.