1850కి ముందటి జనాభా లెక్కల్లో తండ్రిని గుర్తించడం ఎలా?

ప్రశ్న:
మా అల్లుడి పూర్వీకులు అమెరికాలోని కెంటకీ రాష్ట్రంవారు. మనవరాలు తన తండ్రి వైపు వంశవృక్షం తయారు చేస్తుంటే నేనూ ఆ పనిలో చేయి కలిపాను. 1850 దాకా వెనక్కి వెళ్లడం కష్టం కాలేదు. ఆ ఏటి జనాభా లెక్కల్లో కుటుంబ పెద్ద వయసు 52 అనీ, పుట్టింది వర్జీనియాలో అనీ ఉంది. అంతకు ముందటి పట్టికల్లో ఇంటి యజమాని పేరొక్కటే రాసి, మిగిలినవారిని వయసుల వారీగా అంకెల్లో చూపారు కనుక ఆయన తండ్రి ఎవరో తేలడం లేదు. 1810లో అదే ఇంటిపేరుతో వారి కౌంటీలో (మన జిల్లా లాంటిది) మూడు కుటుంబాలున్నాయి. అల్లుడి మేనత్తగారి దగ్గరున్న పాత కుటుంబ బైబిలులో 1798లో ఆయన పుట్టుక మొదలుకొని పిల్లల జననాలు, మరణాలు ఉన్నాయి గానీ ఆయన తల్లిదండ్రుల ప్రస్తావన లేదు. ఇంటర్నెట్‌లోని కొన్ని వంశవృక్షాలు ఒక తండ్రి పేరు చెబుతున్నాయి, ఆధారం మాత్రం చూపడం లేదు. తెలిసినవారు దారి చెప్పగలరు.

జవాబు 1:
ఆధారం చూపని ఆ పేరును ప్రస్తుతానికి పక్కన పెట్టండి. 1810 పట్టికలో మగవారికి పదేళ్లలోపు, 10–15, 16–25, 26–44, 45 పైన అని ఐదు గడులుంటాయి. 1798లో పుట్టిన పిల్లవాడు తల్లిదండ్రుల ఇంట్లోనే ఉండి ఉంటే 10–15 గడిలో కనబడాలి. మూడు ఇళ్లలో ఆ గడి ఖాళీగా ఉన్నదానికి ప్రాధాన్యం తగ్గించవచ్చు. అయితే గడిలో ఉన్నవాడు కొడుకే కానక్కరలేదు, మేనల్లుడో పనికి కుదిరిన కుర్రవాడో కావచ్చు. యజమానికి ఎవరు ఏమవుతారో రాయడం 1880లో గానీ మొదలు కాలేదు. అందువల్ల 1850లో ఒకే ఇంట్లో కనిపించిన స్త్రీ ఆ పిల్లలందరికీ కన్నతల్లి అని కూడా అనుకోకండి. 1820 పట్టికలో మరొక చిక్కు ఉంది: 16–18 గడిలో లెక్కించిన యువకులనే 16–25 గడిలోనూ లెక్కించారు, కనుక అన్నీ కూడితే ఇంట్లో లేని మనుషులు పుట్టుకొస్తారు.

జవాబు 2:
కెంటకీకి 1790, 1800 లెక్కల పత్రాలు మిగలలేదు, వర్జీనియాకూ దాదాపు అదే పరిస్థితి. ఆ లోటును పన్ను జాబితాలు చాలావరకు తీరుస్తాయి. వర్జీనియాలో చరాస్తి పన్ను జాబితాలు 1782 నుంచి ఉన్నాయి. జనాభా లెక్కలు పదేళ్లకొకసారి అయితే ఇవి ఇంచుమించు ఏటేటా రాసినవి. ఒక యువకుడి పేరు తొలిసారి విడిగా కనిపించిన ఏడు అతనికి 21 నిండిన కాలానికి దగ్గరగా ఉంటుంది. అప్పటిదాకా ఏ యజమాని లెక్కలో 16 దాటిన మగవాడొకడు అదనంగా ఉండి, సరిగ్గా అదే ఏట తగ్గాడో చూడండి. 1819 ప్రాంతపు జాబితాలను మూడు కుటుంబాలకూ వరుసగా చదవండి. వీలునామాలు, భూమి దస్తావేజులు ఆ తర్వాత చూడాలి. పాత కౌంటీలు చీలి కొత్తవి ఏర్పడుతూ వచ్చాయి కనుక కుటుంబం కదలకపోయినా కాగితాలు పక్క కౌంటీలో ఉండవచ్చు.

జవాబు 3:
బైబిలు ముఖపత్రం మీద అచ్చయిన సంవత్సరం ముందుగా చూడండి. రాతలు అంతకంటే పాతవైతే అవి జ్ఞాపకం మీదనో మరో కాగితం నుంచో తర్వాత ఎక్కించినవి. అమెరికా స్వాతంత్ర్య యుద్ధ సైనికుల పింఛను దస్త్రాలు కూడా వెతకండి. 1836 చట్టం తర్వాత వితంతువులు తమ పెళ్లిని రుజువు చేయడానికి బైబిలు పేజీలనే చింపి పంపిన సందర్భాలున్నాయి, అవి వాషింగ్టన్ జాతీయ అభిలేఖాగారంలో భద్రంగా ఉన్నాయి. మరొక మాట. ఆ ఇంటి లెక్కలో బానిసల గడిలో అంకెలుంటే, వీలునామాలో వారి పేర్లు కనబడినప్పుడు దయచేసి వాటినీ రాసి పెట్టండి. 1850, 1860 బానిసల పట్టికల్లో సాధారణంగా యజమాని పేరు తప్ప వారి పేర్లు లేవు. వారి వారసులకు 1870కి వెనక్కి వెళ్లడానికి అలాంటి వీలునామాలే ఆధారం.

ప్రశ్న అడిగినవారు:
మేనత్తగారు ఫొటోలు పంపారు. బైబిలు 1843లో అచ్చయింది. 1841 వరకు ఉన్న జననాలన్నీ ఒకే సిరాతో, ఒకే చేతిరాతలో ఉన్నాయి. ఆ తర్వాతివి వేర్వేరు సిరాల్లో ఉన్నాయి. కనుక 1798 తేదీని ఏడాది అటూ ఇటూగానే తీసుకుంటున్నాను. 1810లో మూడు ఇళ్లలో ఒకదానికి 10–15 గడి ఖాళీగా ఉంది. మిగిలిన రెండింటిలో ఒకదాని కింద ఇద్దరు బానిసల లెక్క కనబడింది, ఆ యజమాని వీలునామా కోసం కౌంటీ క్లర్కు కార్యాలయానికి రాస్తున్నాను.