ఊరు మారిన క్లబ్బు ఇంకా మన క్లబ్బేనా?

గచ్చిబౌలి గ్యాలరీ (చర్చ ప్రారంభం)

మన ఫుట్‌బాల్ క్లబ్బు హైదరాబాద్ ఎఫ్‌సీ 2025లో ఢిల్లీకి తరలిపోయి స్పోర్టింగ్ క్లబ్ ఢిల్లీగా పేరు మార్చుకున్నప్పటి నుంచి మా మిత్రులలో ఒక వాదం తెగడం లేదు. ఆ జట్టును ఇంకా మనదిగా భావించవచ్చా, లేక 2022లో గెలిచిన ఐఎస్‌ఎల్ (ఇండియన్ సూపర్ లీగ్) కప్పును మాత్రం దాచుకుని మిగిలినదానికి నీళ్లు వదులుకోవాలా అన్నదే ప్రశ్న.

నాది మొదటి పక్షం. 2019 నవంబర్ 2న గచ్చిబౌలి బాలయోగి స్టేడియంలో కేరళ బ్లాస్టర్స్‌తో జరిగిన తొలి సొంతగడ్డ మ్యాచ్‌కు నేను వెళ్లాను. నా చుట్టూ ఉన్నవారిలో ఎక్కువమంది ఇక్కడి కంపెనీలలో పనిచేసే మలయాళీలే. మన ఆటగాడు మార్సెలిన్హో కొట్టిన ఫ్రీకిక్ వలలో పడి స్కోరు 2-1 కాగానే వారందరూ నిశ్శబ్దమైపోతే, మా వరుసలోని పదిహేను మందిమి గొంతులు బొంగురుపోయేదాకా అరిచాము. ఆ రాత్రి వరకు ఒకరికొకరం ఎవరమో తెలియని మేము ఆ తరువాత ఇళ్లలో శుభకార్యాలకు పిలుచుకునేంత దగ్గరయ్యాము. యాజమాన్యం ఊరు మార్చుకుంది కాని, నేను మారలేదు. పెళ్లయి ఇంటిపేరు మారినంత మాత్రాన ఆడపిల్ల పుట్టింటికి పరాయిదవుతుందా?

చాదర్‌ఘాట్ వాసి

ఆడపిల్ల పోలిక ఇక్కడ పొసగదు, ఎందుకంటే ఈ పిల్లకు మనది పుట్టిల్లే కాదు. 2014లో మొదలైన ఎఫ్‌సీ పుణె సిటీ 2019లో మూతపడితే, లీగ్‌లో ఖాళీ అయిన ఆ స్థానంలోకి వచ్చినదే హైదరాబాద్ ఎఫ్‌సీ. అదే వేసవిలో ఢిల్లీ డైనమోస్ భువనేశ్వర్‌కు వెళ్లి ఒడిశా ఎఫ్‌సీ అయింది. అంటే పుణె వారు పోగొట్టుకున్నదానితో మనం పండుగ చేసుకున్నాము, ఇప్పుడు మనం పోగొట్టుకున్నదానితో ఢిల్లీ వారు చేసుకుంటున్నారు. పుణెలోని బాలేవాడీ స్టేడియంలో ఐదేళ్లు కూర్చున్న అభిమానిని గురించి మనలో ఒక్కరమైనా ఆనాడు ఆలోచించామా? నేను ఆలోచించలేదు. కాబట్టి మనకు అన్యాయం జరిగిందని వాపోయే ముందు ఆ సంగతి ఒప్పుకోవాలి.

కప్పు సంగతికి వస్తే, 2022 మార్చి 20న కేరళ బ్లాస్టర్స్‌తో ఫైనల్ జరిగినది గోవాలోని ఫతోర్డాలో. ఆ మ్యాచ్‌లో పసుపు జెర్సీలు వేసుకుని ఆడినది మనవారు, పసుపు జెర్సీలు వేసుకుని గ్యాలరీలను నింపినది కేరళవారు. రెండు జట్ల రంగూ ఒకటే కావడంతో కేరళ ఆటగాళ్లు ఆ రోజు తమ రెండో జెర్సీ వేసుకోవలసి వచ్చింది. 88వ నిమిషంలో సాహిల్ తవోరా స్కోరు సమం చేసినప్పుడు, షూటౌట్‌లో లక్ష్మీకాంత్ కట్టిమణి మూడు పెనాల్టీలను ఆపినప్పుడు ఆ మైదానంలో తెలుగు, దక్కనీ గొంతులు ఎన్ని వినిపించాయి? తవోరా, కట్టిమణి ఇద్దరూ గోవావారు. చివరి పెనాల్టీ కొట్టిన నర్జారీ అస్సాం వారు. ఆ సీజన్‌లో 18 గోల్స్ చేసిన ఒగ్బెచే నైజీరియా వారు. కరోనా కారణంగా రెండు సీజన్లు మొత్తం గోవాలోనే జరిగాయి కనుక, ఆ కప్పు గెలిచిన సీజన్‌లో జట్టు మన ఊళ్లో ఒక్క మ్యాచ్ కూడా ఆడలేదు.

గచ్చిబౌలి గ్యాలరీ

ఆటగాళ్లు ఎక్కడివారో చూసి అభిమానించాలంటే ప్రపంచంలో ఏ క్లబ్బుకూ అభిమానులు మిగలరు. ఆ ఫైనల్ రాత్రి టీవీ ముందు ఏడ్చినది మేము, పుణెవారు కాదు, ఢిల్లీవారూ కాదు. 2023-24లో జీతాల సమస్యతో విదేశీ ఆటగాళ్లు వెళ్లిపోయి, మిగిలిన కుర్రవాళ్లు 22 మ్యాచ్‌లలో ఒకే ఒక్కటి గెలిచి అట్టడుగున నిలిచినప్పుడు కూడా గ్యాలరీలో కూర్చున్నది మేమే. అది లెక్కలోకి రాదా?

పాత ఫతే మైదాన్

ఇద్దరూ 2019 దగ్గరే మొదలుపెట్టారు కనుక కొంచెం వెనక్కి తీసుకువెళతాను. ఇప్పటి లాల్ బహదూర్ స్టేడియాన్ని ఫతే మైదాన్ అనే రోజులలో మా నాన్నగారు అక్కడ ఆటలు చూసేవారు. ఆయన చివరివరకు చెప్పుకున్నది హైదరాబాద్ సిటీ పోలీస్ జట్టు గురించే. 1950 నుంచి 1954 వరకు వరుసగా ఐదుసార్లు బొంబాయి రోవర్స్ కప్పు గెలిచిన జట్టు అది. దానికి శిక్షకుడు సయ్యద్ అబ్దుల్ రహీమ్. భారత్‌కు 1951లో ఢిల్లీలో, 1962లో జకార్తాలో ఆసియా క్రీడల స్వర్ణం తెచ్చిపెట్టినది ఆయనే.

రహీమ్ వృత్తిరీత్యా బడిపంతులు. అందువల్లనేమో, ఊళ్లో ఆయన నడిపించిన పోటీలు కూడా పాఠాలలాగే ఉండేవి. బంతిని కాలితో తిప్పుకుంటూ పరుగెత్తకుండా వెంటనే అందించవలసిన పోటీ ఒకటి, బలహీనమైన కాలితో మాత్రమే తన్నవలసిన పోటీ ఇంకొకటి. సికింద్రాబాద్ అమ్ముగూడ నుంచి సాధనకు రావడానికి కుర్రవాడైన తులసీదాస్ బలరామ్‌కు అద్దె సైకిల్ డబ్బులు కూడా రహీమే ఇచ్చేవారని చెబుతారు. 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో నాలుగో స్థానం పొందిన భారత జట్టులో బలరామ్, అజీజుద్దీన్, నూర్ మహమ్మద్, జుల్ఫికరుద్దీన్ అందరూ ఈ ఊరి మైదానాలలో తయారైనవారే. ఫలానా మొహల్లా కుర్రవాడు గోల్ కొట్టాడు అని మరునాడు ఇరానీ హోటల్‌లో చెప్పుకోగలగడమే అప్పటి అభిమానం. గచ్చిబౌలి మిత్రుని కన్నీటిని నేను తక్కువ చేయడం లేదు కాని, ఆ పదిహేను మంది బంధం ఆ వరుసను దాటి వీధిలోకి రాలేదు.

అయితే పాతకాలాన్ని నెత్తిన పెట్టుకోవడమూ నాకు ఇష్టం లేదు. ఆ జట్టు ఒక పోలీసు శాఖది. సభ్యత్వ రుసుము కట్టి, ఓటు వేసి, మైదానానికి పునాది రాయి మోసిన జనానిది కాదు. కలకత్తాలో 1889 నాటి మోహన్ బాగాన్, 1891 నాటి మహమ్మదన్ స్పోర్టింగ్, 1920 నాటి ఈస్ట్ బెంగాల్ సభ్యులతో నడిచిన క్లబ్బులు. బలరామ్ 1957లో ఈస్ట్ బెంగాల్‌కు వెళ్లిపోయారు, ఆయన వెనుక మరెందరో అదే దారి పట్టారు. 1963లో రహీమ్ కన్నుమూసిన తరువాత ఆ పని అందుకోవడానికి ఒక మనిషి కాదు, ఒక సంస్థ కావలసింది, అది మనకు లేదు. నిష్ఠూరంగా ఉన్నా చెబుతున్నాను: హైదరాబాద్‌కు గొప్ప జట్లు ఉండేవి, క్లబ్బు ఎన్నడూ లేదు. లేనిదాన్ని ఢిల్లీవారు ఎలా పట్టుకుపోగలరు?

థేమ్స్ ఒడ్డున

దక్షిణ లండన్‌లో ఉంటున్న తెలుగువాడిని. ఇక్కడ ఈ వాదం ఇరవై ఏళ్లకు పైగా నడిచింది. 1988లో ఎఫ్‌ఏ కప్పు గెలిచిన వింబుల్డన్ క్లబ్బును దాదాపు 90 కిలోమీటర్ల దూరంలోని మిల్టన్ కీన్స్‌కు తరలించుకోవచ్చని 2002 మేలో తీర్పు వచ్చింది. అభిమానులు ఢిల్లీ జెర్సీ కొనాలా వద్దా అన్నట్టుగా తర్జనభర్జన పడలేదు. కొన్ని వారాలకే వింబుల్డన్ కామన్ అనే బహిరంగ మైదానంలో ఆటగాళ్ల ఎంపిక పెట్టి, ఏఎఫ్‌సీ వింబుల్డన్ పేరుతో ఇంగ్లండ్ లీగ్‌లలో తొమ్మిదో అంచె నుంచి మొదలుపెట్టారు. 2011లో ఫుట్‌బాల్ లీగ్‌లోకి చేరారు, 2020 నవంబర్‌లో తమ పాత చోటైన ప్లౌ లేన్‌కు తిరిగి వచ్చారు. మిల్టన్ కీన్స్ జట్టు పాత క్లబ్బు గెలుచుకున్న గౌరవాలపై హక్కును 2007లో వదులుకుంది. కప్పు ఎవరిదన్న ప్రశ్నకు ఇక్కడ దొరికిన జవాబు అది.

చాదర్‌ఘాట్ వాసి

లండన్ మిత్రులు చెప్పినది బాగుంది కాని, వారికి వంద సంవత్సరాలకు పైబడిన క్లబ్బు పోయింది, మనకు ఆరేళ్ల క్లబ్బు పోయింది. అదీగాక మన ఊళ్లో ఇంకొక జట్టు ఉంది. శ్రీనిధి దక్కన్ 2022-23లోను, 2023-24లోను ఐఎస్‌ఎల్‌కు కింది అంచె అయిన ఐ-లీగ్‌లో రెండో స్థానంలో నిలిచింది. ఆ రెండేళ్లలో అజీజ్‌నగర్‌లోని దక్కన్ అరీనాకు ఎన్నిసార్లు వెళ్లారని గచ్చిబౌలి గ్యాలరీ గారిని అడుగుతున్నాను. ఎత్తిపొడుపు కాదు, నేనూ రెండుసార్లే వెళ్లాను.

గచ్చిబౌలి గ్యాలరీ

ఒక్కసారి కూడా వెళ్లలేదు. ఔటర్ రింగ్ రోడ్డు అవతల, బస్సు సరిగా లేదన్న సాకు ఉంది కాని, గచ్చిబౌలికి మాత్రం చార్మినార్ వైపు నుంచి రెండు బస్సులు మారి వచ్చేవారు మా వరుసలోనే ఇద్దరు ఉండేవారు. కప్పు విషయంలో నా మాట మార్చుకోను, అది మాదే. ఢిల్లీ మ్యాచ్‌లు టీవీలో చూడటం మానుతానని కూడా మాట ఇవ్వలేను. కాని ఆ పదిహేను మంది వాట్సాప్ బృందంలో ఈ చర్చ లంకె పెట్టి, అజీజ్‌నగర్‌కు ఎవరెవరు వస్తారని అడిగాను. ఇప్పటికి నలుగురు జవాబిచ్చారు. ఒకరికి కారు ఉంది.