“అక్షిణి”యా, “అక్షీణ”మా? దస్తావేజులో ఒక్క అక్షరం

బండల షెడ్డు, ఎర్రగుంట్ల:
పాత క్రయ దస్తావేజుల్లో వచ్చే వరస అందరికీ తెలిసిందే: “నిధి నిక్షేప జల తరు పాషాణ…” ఆ తర్వాత “అక్షిణి ఆగామి సిద్ధ సాధ్య” అనా, “అక్షీణ ఆగామి” అనా? నాపరాళ్ల పాలిష్ యూనిట్ షెడ్డు పొడిగించడానికి తూర్పు పక్క సెట్‌బ్యాక్‌లో (హద్దు నుంచి కట్టకుండా వదలాల్సిన జాగాలో) మినహాయింపు కోరుతూ అర్జీ రాస్తున్నాం. నకలులో సరిగ్గా ఆ అక్షరం దగ్గరే చెదలు తినేసింది. ఆ వరస మొత్తం అర్జీలో ఎక్కాలని యజమాని పట్టు. “ఆగామి అంటే రాబోయేది, అంటే పొడిగింపు హక్కు నాకు అప్పుడే రాసిచ్చారు” అంటాడు.

శాసనాల పిచ్చి:
అక్షిణి. ణకారానికి గుడి ఉంది, తీసెయ్యొద్దు. విజయనగర కాలపు దానశాసనాల్లో ఈ వరస ఎన్నిసార్లు వస్తుందో చూసినవాళ్లకు చెప్పక్కర్లేదు. “అక్షీణ” అనేది ఎవరో చదువుకున్న వ్రాయసగాడు దిద్దిన పాఠమని నా అనుమానం.

శబ్దమంజరి:
దిద్దితే తప్పేముంది స్వామీ? “అక్షిణీ” అంటే సంస్కృతంలో రెండు కళ్లు. వారి, వారిణీ లాగే అక్షి, అక్షిణీ. పొలంతో పాటు కళ్లు కూడా రాసిచ్చేవాళ్లా? క్షీణించనిది అక్షీణం, అంతే.

శాసనాల పిచ్చి:
దీర్ఘంతో “అక్షీణి” అనే పాఠమూ ఉంది, దాన్ని ఏ శబ్దంలో కలుపుతారు? అది వాడుకలో గడ్డకట్టిన మాట. పాణిని దగ్గరికి తీసుకుపోయి నిలబెడితే ఏం పలుకుతుంది?

తొమ్మిదో భోగం:
ముందు లెక్క తేల్చండయ్యా. అష్టభోగాలన్నారు, అంటే భూమితో పాటు వచ్చే ఎనిమిది హక్కులు. నిధి, నిక్షేపం, జలం, పాషాణం, అక్షిణి, ఆగామి, సిద్ధం, సాధ్యం. ఎనిమిదీ అయిపోయాయి. మరి “తరు” ఎక్కడిది? చెట్టును చేర్చి తొమ్మిది చేసి, చివర మళ్లీ “అష్టభోగ తేజస్స్వామ్యములతో” అని రాస్తారు.

శబ్దమంజరి:
“జలతరు” ఒకే సమాసం అనుకోండి, లెక్క సరిపోతుంది.

తొమ్మిదో భోగం:
నీళ్లకూ చెట్టుకూ పెళ్లి చేసి లెక్క సరిపెట్టడమా! బాగుంది.

ప్లాను గీసేవాడు, కర్నూలు:
సిద్ధ సాధ్యాలకు, అంటే ఉన్నదానికీ చేయబోయేదానికీ, నాకు తెలిసిన మంచి వ్యాఖ్యానం జాతీయ భవన నియమావళి రంగుల పట్టిక. ఉన్న కట్టడం నల్ల గీత, కట్టబోయేది నిండు ఎరుపు, కూల్చేది పసుపు గీతలు. మీ యజమానికి చెప్పండి: ఆగామి ఎంత గట్టిగా రాసున్నా పనికిరాదు. దస్తావేజు అమ్మినవాడికీ కొన్నవాడికీ మధ్య మాట. సెట్‌బ్యాక్ జాగా ఆయనదే, ఎవరూ కాదనలేదు. అందులో గోడ లేపకూడదన్నదే నియమం. అర్జీలో ఆ వరస ఎక్కిస్తే చదివే ఆఫీసరు పక్కదారి పడతాడు తప్ప లాభం లేదు.

అక్షరం కంటే ముందు చూడాల్సిన మాట ఇంకోటుంది. మీరు “మినహాయింపు కోరుతూ” అన్నారు. మినహాయింపంటే ఆ నియమమే మీకు వద్దని అడగడం. సడలింపంటే నియమం ఉంటుంది, కొలత తగ్గుతుంది. ఎన్ని మీటర్లకు ఎన్ని మీటర్లు, ఎంత పొడవున, ఏ పక్క అని అంకెలతో “సడలింపు” అనే రాయండి.

బండల షెడ్డు, ఎర్రగుంట్ల:
తూర్పున 5 మీటర్లు వదలాలి. 3.5 మిగులుతుంది. పొడవు 30 మీటర్లు.

ప్లాను గీసేవాడు, కర్నూలు:
అట్లయితే సడలింపే అక్కర్లేకపోవచ్చు. ఉమ్మడి రాష్ట్రంలో 2012 నాటి భవన నియమాల 168 జీవోలో 750 చదరపు మీటర్లు దాటిన స్థలానికి ఒక వెసులుబాటు ఉండేది: ఒక పక్క సెట్‌బ్యాక్‌లోంచి 2 మీటర్ల దాకా ఇంకో పక్కకు మార్చుకోవచ్చు. ఆ కొలత పొడవునా ఒకే తీరుగా ఉండాలి, ఏ పక్కా 2.5 మీటర్లకు తగ్గకూడదు. రోడ్డు వైపున్న ముందు సెట్‌బ్యాక్ జోలికి పోకూడదు. మీకు కావాల్సింది 1.5. పడమర అంత అదనంగా వదలగలిగితే పని అయిపోతుంది. ఇప్పుడు నడిచేది 2017 నాటి 119 జీవో, కాబట్టి అంకెలు అందులోనే సరిచూసుకుని ఆ నంబరే వెయ్యండి.

కట్టేసి తర్వాత రుసుం కడదామనుకుంటే మాత్రం దెబ్బతింటారు. 168లో కూడా రాజీ రుసుంతో వదిలింది సెట్‌బ్యాక్‌లో 10 శాతం వరకే, అదీ ముందు పక్కకు వర్తించేది కాదు. 5 మీటర్లలో 10 శాతమంటే అర మీటరు, మీరు మింగేది ఒకటిన్నర. ఆ అర మీటరుకైనా 30 మీటర్ల పొడవున 15 చదరపు మీటర్లయింది. దానికి రిజిస్ట్రేషన్ శాఖ కట్టిన భూమి విలువలో నూరు శాతం కట్టాల్సి వచ్చేది. పాత షెడ్డుకే ప్లాను మంజూరు లేకపోతే ఆ దారీ మూసుకున్నట్టే.

సూరు నీళ్లు, తాడిపత్రి:
గోడ కొలత ఒక్కటే చూస్తే చాలదన్నా, సూరు కూడా చూడండి. సెట్‌బ్యాక్‌లోకి ఛజ్జా (గోడ దాటి చాచిన కప్పు) 60 సెంటీమీటర్లు మించకూడదు. రేకు 60 చాచి, దాని అంచున బయటికి 20 సెంటీమీటర్ల నీటి కాలువ తగిలిస్తే 80 అయిపాయె. పక్కోడి గోడ మీద నీళ్లు పడితే అభ్యంతరం పెట్టేది కూడా వాడే. “ఎప్పట్నుంచో పడతాండాయి” అంటే కుదరదు, 1882 నాటి ఈజ్‌మెంట్ల చట్టం 15వ సెక్షన్ కింద 20 ఏండ్లు అడ్డులేకుండా అనుభవించినట్టు చూపాల. ఇంకోటి, గ్యాంట్రీ (బండలెత్తే క్రేన్) కోసం సూరు మీటరు పైకి లేపినా ఎత్తుల పట్టికలో వరస మారి, వదలాల్సిన జాగానే పెరగొచ్చు. పాలిష్ బురద తొట్టి యాడ గీసినారు? అది సెట్‌బ్యాక్‌లో కనపడితే ప్లాను వెనక్కే.

ప్లాను గీసేవాడు, కర్నూలు:
తొట్టి మాట నిజం. కొలత మొదలయ్యే చోటు కూడా చూసుకోవాలి. రోడ్డు వెడల్పుకు జాగా వదలాల్సి ఉంటే, వదిలాక మిగిలిన హద్దు నుంచే ముందు సెట్‌బ్యాక్ లెక్క. దస్తావేజులో సెంట్లు ఎక్కువుండి నేల మీద తక్కువొస్తే నేలే గెలుస్తుంది. సెంటుకు 40.47 చదరపు మీటర్లు, గుండుగుత్తగా 40 అని వేస్తే పెద్ద స్థలంలో తేడా బయటపడుతుంది.

కోకట పక్షం, కమలాపురం:
ఇంత అష్టభోగాల చర్చలో రాయల దగ్గర అగ్రహారాలు పుచ్చుకున్న పెద్దన పేరు ఎత్తకపోవడం అన్యాయం. రాయలు పోయాక చెప్పినదిగా అందరి నోటా ఉన్న చాటు సీసంలో కోకట గ్రామం మా పక్కదే. అక్కడ “అడిగిన సీమలయందు” అంటాడు. అంటే పెద్దన తానే ఏరుకుని కోకట అడిగాడన్నమాట.

తొమ్మిదో భోగం:
“అడిగిన సీమల”కు అంత బరువు పెట్టకండి. ఎక్కడ అడిగితే అక్కడ ఇచ్చాడని రాయల దాతృత్వం చెప్పడమే అది. కోకటతో పాటు “ఆద్యనేక” అని ఉంది చూడండి, ఆయన అడిగినవి బోలెడు.

కోకట పక్షం, కమలాపురం:
బోలెడున్నా పేరు పెట్టి చెప్పింది దీన్నొక్కదాన్నే కదా!

శబ్దమంజరి:
పేరు గణానికి కుదిరింది కాబట్టి చెప్పాడు.

శాసనాల పిచ్చి:
పెద్దనకు గణాలు కుదరక ఊరి పేరు వెతుక్కున్నాడంటారా మాస్టారూ? ఈ ఒక్క మాట వెనక్కి తీసుకోండి, “అక్షీణ” గురించి ఈ పూటకు వదిలేస్తాను.

శబ్దమంజరి:
తీసుకోను. పైగా చాటువులో ఉన్నది “కోకట”, మీరంతా ఇప్పుడు పలికేది “కోకటం”. ఆ సున్నా ఎప్పుడు చేరిందో చెప్పండి ముందు.